దక్షిణం వాలు

మన జిల్లాలో ఎండకు కొదవ లేదని ఈ మధ్య ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెబుతున్నారు. తెలంగాణ రాష్ట్రం వస్తే ఇంటింటి మీద సోలార్ ప్లేట్లు పెడతారట. కోతలు ఉండవట, కరెంటు బిల్లు అనే మాటే మరిచిపోతామట. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. రాష్ట్రం రావద్దని కాదు. రావాలి, నా బిడ్డ బడికి పోయే ఈడు వచ్చేలోపే రావాలి. కానీ ఎండ ఉందన్న సంగతి నాకు ఎవరూ మైకులో చెప్పనక్కర్లేదు. ఆ ఎండను ఇళ్లలోకి తెచ్చే ఉద్యోగం నేను చేశాను. అది దారిలో ఎక్కడ ఆగిపోతుందో చూశాను.

డిగ్రీ అయిపోయి ఇలాంటి ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్న ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, "అక్కా, మంచి కొలువు ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అని. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేదు. పాప పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను. అది దగ్గితే లేచి వెళ్లాలి. ఛాతీ మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసుకుంటే తప్ప మళ్లీ పెన్ను పట్టలేను. అందుకని ఎక్కడైనా మాట తెగినట్టు ఉంటే ఏమీ అనుకోకండి.

నేను జనగామలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. హైదరాబాదులో ఆఫీసు ఉన్న ఒక సంస్థ మా వరంగల్ జిల్లా తండాల్లో సోలార్ లాంతర్ల కేంద్రాలు పెడుతూ, వాటిని చూసుకోవడానికి నన్ను తీసుకుంది. జనగామ వైపు దేవరుప్పుల, మానుకోట వైపు దంతాలపల్లి, భూపాలపల్లి వైపు ఘనపూర్. ఆ ఊళ్లన్నీ బస్సుల్లో తిరిగేదాన్ని.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఏదైనా స్లాబు ఇంటి మీద ప్లేట్లు బిగిస్తారు. వాటి వైరు కింది గదిలోకి వస్తుంది. పొద్దున ఆడవాళ్లు లాంతర్లు తెచ్చి ఆ గదిలో పెడతారు, సాయంత్రం కూలి నుంచి వస్తూ తీసుకుపోతారు. చిన్న అద్దె. ఆ అద్దె ఎవరికీ బరువు కాలేదు. అంతకు ముందు వాళ్లు ఒక్క చీకటికి మూడు చోట్ల డబ్బు కట్టేవాళ్లు. ఇంట్లో ఉన్న ఒక్క బల్బుకు, అది వెలిగినా వెలగకపోయినా, కనీస బిల్లు వచ్చేది. రేషన్లో ఇచ్చే గ్యాసునూనె, అంటే కిరోసిన్, నెల సగంలోనే అయిపోతే మిగతాది బయట కొనుక్కునేవాళ్లు. సెల్‌ఫోన్ చార్జింగ్‌కు మండలంలో దుకాణపాయనకు ఇచ్చేవాళ్లు. పెద్ద పెద్ద వైర్లు మాత్రం వాళ్ల చేల మీదుగానే పోయేవి. ఘనపూర్ దగ్గర తండాలో ఒక ముసలామె ఆ వైర్లను చూపించి, "గవి మాయి గావు బిడ్డా, మా మీదికెల్లి పోతయంతే" అంది. అవతల భూపాలపల్లిలో నేల కింద బొగ్గు, ఇవతల ఆమె ఇంట్లో దీపపు బుడ్డి.

ఇందులో మీకు తెలియాల్సిన సాంకేతిక విషయం ఒక్కటే. మన దగ్గర ప్లేటు దక్షిణం వైపు వాలి ఉండాలి. ఎండాకాలం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి ప్లేటు ఎటు వాలినా పెద్దగా నష్టం లేదు. చలికాలం ఆయన దక్షిణానికి జరిగిపోతాడు. అప్పుడు ప్లేటు ఉత్తరం వైపు వాలి ఉంటే, సూర్యుడికి వీపు చూపించి కూర్చున్నట్టే.

మేం ముగ్గురం. పైన మా సారు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవాడు, సంస్థలో ఈ జిల్లా పని ఆయనదే. నన్ను మీటింగుల్లో కావాలని లేపేవాడు. "ఏదమ్మా, 'ప్లేట్లు మంచిగ కడిగిన్రా' అని నీ స్టైల్లో ఒకసారి అను" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, లోపల పళ్లు కొరుక్కుంటూ. ఇంకొకడు మా మెకానిక్ అన్న, జనగామ మనిషి. చేతిలో పానా ఉంటే మాట్లాడడు, మైకు ఉంటే ఆగడు. బైకు ముందు జై తెలంగాణ అని ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. ఉద్యమం మొదలయ్యాక పానా తక్కువ, మైకు ఎక్కువ అయింది.

దంతాలపల్లి దగ్గర ఒక తండాలో కేంద్రం పెట్టినప్పుడు నేను కాన్పుకు సెలవులో ఉన్నాను. ఎండాకాలంలో మా సారు, మెకానిక్ అన్న వెళ్లి పెట్టి వచ్చారు. తండాలో బడి స్లాబు ఉంది. కానీ సారు దాన్ని కాదని, తండా పక్క ఊళ్లో పటేల్ ఇంటి మీద ప్లేట్లు పెట్టించాడు. పటేల్ అంటే ఆ ఊరి పెద్ద భూస్వామి. రాజకీయం తెలిసినవాడు, మండలంలో ఉద్యమానికి కూడా ముందుండేవాడు. "పెద్దింటి మీదైతే భద్రం" అన్నది సారు లెక్క. లాంతర్లు పెట్టేది ఆ ఇంటి పక్కనున్న పశువుల కొట్టంలో. దాన్ని చూసుకోవడానికి తండా కోడలినొకామెను పెట్టారు. పదో తరగతి వరకు చదివింది, భర్త పుణెలో మట్టి పనికి పోయాడు, నా బిడ్డంత బిడ్డ ఉంది. ఆమెను అందరం లాంతర్లక్క అనేవాళ్లం.

నేను తిరిగి పనిలో చేరాక ఒకసారి వెళ్లాను. వానాకాలం. లాంతర్లు బాగానే వెలుగుతున్నాయి, ఆడవాళ్లు సంతోషంగా ఉన్నారు. కొట్టం వరకే చూసి వచ్చాను, పాపను జనగామలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన తొందర. ఆ వెంటనే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, బడులు లేవు. బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలోకి దిగారు, కోతలు పెరిగాయి. మా సారు హైదరాబాదు దాటి రాలేదు. నేను జనగామ దాటలేదు. తండాల్లో మా లాంతర్ల అవసరం ఎన్నడూ లేనంతగా పెరిగిన రోజుల్లో మేమెవరమూ అక్కడ లేము.

సమ్మె ముగిసి, చలి మొదలయ్యాక వెళ్లాను. కొట్టం ముందు లాంతర్లక్క బిడ్డను చంకన వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె అన్న మొదటి మాట, "నేను దొంగను గాను మేడం."

ఏమైందని అడిగాను.

"లైట్లు వంట అయ్యేదాక గూడ ఉంటలేవు. సక్కగ కూసున్నమంటె ఆరిపోతున్నయ్. కరెంటంత నేను తింటున్ననట. సెల్లులకు చార్జింగులు పెట్టి అమ్ముకుంటున్ననట. పటేల్ అన్నడు. ఇగ ఊరంత అంటున్నరు."

"మీ తండావాళ్లు?"

ఆమె కళ్లు తుడుచుకోలేదు, బిడ్డ ముక్కు తుడిచింది. "మా అత్త గూడ రెండు దినాలు నాతోని మాట్లాడలే. పెట్టె ఎతికింది, పైసలు ఏడ దాసినవని."

లాంతర్ల బ్యాటరీలు ఒక్కొక్కటే చూశాను. బాగున్నాయి. వైరు బాగుంది. మీటరు పెట్టి చూస్తే పైనుంచి రావాల్సింది రావడం లేదు.

"ప్లేట్లు కడుగుతున్నావా అక్కా?"

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. "నేనెట్ల కడుగుత మేడం? మెట్లు ఇంట్లకెల్లి ఉన్నయ్."

నాకు అప్పుడు తెలిసింది. మేడ మెట్లు పటేల్ ఇంటి లోపలి నుంచి, దేవుడి గది పక్క నుంచి ఉన్నాయి. తండా మనిషి ఆ గడప దాటదు. ప్లేట్లను చూసుకోవడానికి మేము పెట్టుకున్న మనిషి, పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఆ ప్లేట్లను చూడలేదు. చూడని ప్లేట్ల కరెంటు దొంగిలించిందని ఆమె మీద నింద.

నేను లోపలికి వెళ్లాను. పటేల్ ఊళ్లో లేడు. ఆయన భార్య మంచినీళ్లు ఇస్తూ నా ఇంటిపేరు అడిగింది. చెప్పాను. ఆమె ముఖం తేటపడింది.

"అయ్యో, మనోళ్లే! గీ ఎండల తిరిగే కర్మ నీకేంది బిడ్డా? పాలు తాగే పిల్ల గూడ ఉన్నదంటివి. పో, పైకి పోయి సూసుకో."

నా ఇంటిపేరు మెట్లెక్కింది. నేను దాని వెనక ఎక్కాను. ఆ సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గు కంటే కోపమే ఎక్కువ వస్తుంది.

పైన ప్లేట్ల మీద ఎర్ర దుమ్ము మందంగా ఉంది, పావురాల రెట్టలు ఉన్నాయి. అది కడిగితే పోతుంది. కానీ ప్లేట్లు వాలి ఉన్నది ఉత్తరానికి. వరుసగా, శ్రద్ధగా, గట్టిగా బిగించి, అన్నీ ఉత్తరానికి. దక్షిణం వైపు నుంచి ఎండ నా మెడ మీద మండుతోంది. ప్లేట్ల ముఖాలేమో ఉత్తరానికి తిరిగి ఉన్నాయి.

కిందికి దిగి పటేల్ భార్యను అడిగాను. ఆమె దాచలేదు. దాచాల్సిన సంగతని ఆమె అనుకోలేదు.

"వాస్తు సారు వచ్చి సూసిండు బిడ్డా. మొదలు గిటు వాల్చి పెట్టిన్రు. దక్షిణం వాలు ఇంటి మీద ఉండొద్దట, యజమానికి గండమట. ఎత్తు దక్షిణం ఉండాలె, వాలు ఉత్తరం ఉండాలె. మా ఆయన మీ సారుకు ఫోన్ జేస్తే, గంత మాత్రానికేంది, తిప్పిస్తమన్నడు. మంచోడు."

ఈ పొరపాటు ప్రపంచంలో ఇంకెక్కడా జరగదనుకుంటాను. సూర్యుడు ఉన్న దిక్కే చెడ్డ దిక్కు అయింది. సరే, నమ్మకం ఎవరిదైనా నమ్మకమే, ఆయన ఇల్లు ఆయన ఇష్టం. కానీ ఇంటి యజమానికి గండం తప్పించడానికి తిప్పిన ప్లేట్లు, ఆ గండాన్ని తీసుకెళ్లి లాంతర్లక్క నెత్తిన పెట్టాయి.

బయటికి రాగానే సారుకు ఫోన్ చేశాను.

"సార్, ప్లేట్లు ఉత్తరం దిక్కు వాల్చిన్రు. మీరే చెప్పిన్రట."

"అబ్బా, 'చెప్పిన్రట'! నెమ్మదిగా మాట్లాడమ్మా, ఫోన్లో నీ భాష సగమే అర్థమవుతుంది."

"సార్, చలికాలం ఛార్జింగ్ సగానికి సగం పడిపోయింది. ఆమె ఏం దొంగతనం చేయలేదు."

"ఎండ ఎటైనా ఎండేనమ్మా. పెద్దాయనతో మనకు పని ఉంది, ఆ మండలంలో ఇంకా కేంద్రాలు పెట్టాలి. ఆవిడ మీద ఎలాగూ పేరు పడింది కదా, మార్చేద్దాం. ఆయన మనిషినెవరినో పెట్టుకుంటానంటున్నాడు. నేనే వస్తాను, అందరి ముందు తాళం ఇప్పించేద్దాం. నువ్వు కూడా రా."

ఆమె మీద ఎలాగూ పేరు పడిందట. ఆ పేరు ఎవరి వల్ల పడింది? ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో గింగురుమంటూనే ఉంది.

మెకానిక్ అన్న జనగామలో దీక్షా శిబిరంలో ఉన్నాడు. సమ్మె అయిపోయినా శిబిరాలు నడుస్తున్నాయి. మైకు పట్టుకుని ఆంధ్రా పెత్తనం గురించి గొంతు చించుకుంటున్నాడు. దిగేదాకా ఆగి అడిగాను.

"అన్నా, దంతాలపల్లి ప్లేట్లు తిప్పింది నువ్వేనా?"

"సారు తిప్పుమన్నడు, తిప్పిన. నేనేం జేయాలె చెల్లె?"

"తిప్పితే చలికాలం చీకటే అని తెల్వదా నీకు?"

"తెల్వకేంది." టెంటు గుంజను పట్టుకుని నేల చూశాడు. "చెప్పిన సారుకు. నీకన్న ఎక్కువ చదువుకున్న అన్నడు."

"మరి ఇక్కడ రోజూ ఎవరి మీద అరుస్తున్నవే నువ్వు? గా సారు ముందర ఒక్కపారి అరవరాదు? లాంతర్లక్క మీద దొంగతనం పడ్డది. పటేల్ గూడ మానుకోట శిబిరంల ముందు వరుసలనే కూసుంటడు. ఆత్మగౌరవమంటడు. ఆమెకు లేదా ఆత్మగౌరవం?"

పక్కన కూర్చున్న ముసలి టీచరొకాయన కండువా సర్దుకుని అటు తిరిగాడు. మెకానిక్ అన్న తిరిగి టెంటులోకి వెళ్లిపోయాడు. కానీ సారు వచ్చే రోజు పొద్దున మా ఇంటి ముందు బైకు ఆపి హారన్ కొట్టాడు. "దా చెల్లె, బస్సుల్లేవు. రాస్తారోకో ఉన్నదట."

ఆ రోజు పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది. మా అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "పిల్లకు జరం పట్టుకొని ఎటు పోతవ్? దారిల లొల్లి అయితె? ఆ తండామె నీకేమన్న సుట్టమా?"

మందు పట్టాను, నుదురు మళ్లీ తాకి చూశాను, మళ్లీ చూశాను. అప్పుడు లాంతర్లక్క చంకలో ఉన్న బిడ్డ గుర్తొచ్చింది. దొంగదాని బిడ్డ అనిపించుకుని అది పెరుగుతుంది. "చుట్టం కాదే అమ్మా" అన్నాను, బైకెక్కాను. దారి పొడవునా ఫోన్ అరచేతిలోనే పట్టుకున్నాను.

తొర్రూరు దాటాక నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. కుర్రాళ్లు బైకుకు అడ్డం వచ్చారు.

"ఎటు అన్నా? రోడ్డు బందున్నది తెల్వదా?"

"సోలార్ పనికి పోతున్నం తమ్మీ."

"ఇయ్యాల ఎండకు గూడ బందే!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఇంకొకడు బైకు మీద రాసిన అక్షరాలు చూసి, రోడ్డుకు అడ్డం కట్టిన తాడు ఎత్తాడు. "మనోళ్లే, పోనియ్యిరా. అక్కా, తిని పోరాదు, పప్పుచారు మస్తుగున్నది."

మేం వెళ్లేసరికి సారు కారు పటేల్ ఇంటి ముందు ఉంది. దాని ముందు ఉద్యమ జెండా కట్టి ఉంది. రోడ్ల మీద ఎవరూ ఆపకుండా ఉండడానికి కట్టుకొచ్చాడు. నా యాసకు నవ్వే మనిషి నా జెండా కట్టుకుని వచ్చాడు.

వాకిట్లో పటేల్, సారు కుర్చీల్లో ఉన్నారు. తండా ఆడవాళ్లు కొట్టం పక్క నేల మీద కూర్చున్నారు, ఒక్కొక్కరి ముందు ఒక్కో లాంతరు. లాంతర్లక్క వాళ్లలో కూర్చోలేదు. ఒక పక్కన నిలబడింది.

పటేల్ మొదలుపెట్టాడు. "మేము జాగ ఇచ్చినం. పైస తీసుకున్నమా? ఊరి మంచికి ఇచ్చినం. గీమె ఏం జేసిందో అందరికి ఎరుకే. కేసు పెట్టేటోన్ని, ఆడిమనిషని ఇడిసిపెడుతున్న. తాళం ఇచ్చి పొమ్మనున్రి."

"ఒక్క నిమిషం" అని నేను సంచీలోంచి చేతి ప్లేటు తీశాను. ఊళ్లల్లో చూపించడానికి మా దగ్గర అరచేతి కంటే కాస్త పెద్ద ప్లేటు ఒకటి ఉండేది, దానికి చిన్న ఫ్యాను తగిలించి ఉంటుంది. దాన్ని వాకిట్లో ఎండలో పెట్టి దక్షిణం వైపు వాల్చాను. ఫ్యాను గిర్రున తిరిగింది. పిల్లలు దగ్గరికి వచ్చారు. "ఇప్పుడు పటేల్ ఇంటి మీద ఎట్ల వాల్చిన్రో గట్ల పెడుత" అని ఉత్తరానికి వంచాను. ఫ్యాను నీరసపడింది, రెక్కలు లెక్కపెట్టేలా తిరిగింది. మళ్లీ దక్షిణానికి, మళ్లీ ఉత్తరానికి.

నేను ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. లాంతర్లక్క అత్త లేచి నిలబడి మేడ వైపు చూసింది, ఫ్యాను వైపు చూసింది, తన భాషలో గట్టిగా ఏదో అంది. తండా ఆడవాళ్లందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

"ఏమంటున్నారు?" అన్నాడు సారు.

"తిప్పింది ఎవలని అడుగుతున్నరు" అంది లాంతర్లక్క.

మెకానిక్ అన్న గొంతు సవరించుకున్నాడు. మైకు లేకుండా నలుగురి ముందు ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు. "నేనే తిప్పిన. సారు తిప్పుమన్నడు. పటేల్ తిప్పించుకున్నడు."

"దీన్ని మేము సాంకేతిక లోపం అంటాం" అన్నాడు సారు తడుముకుంటూ. "ఎవరి తప్పూ కాదు. వాతావరణం కూడా..."

"అయితే నేను దొంగను గానని చెప్పున్రి సార్" అంది లాంతర్లక్క. "పటేల్ అందరి ముంగట దొంగ అన్నడు. అందరి ముంగటనే కాదని చెప్పున్రి. తర్వాత తాళం మీరే తీసుకోన్రి. నాకు తాళంతోని పని లేదు."

సారు పటేల్ ముఖం చూశాడు. పటేల్ మీసం దువ్వుకున్నాడు. "లోపమో గీపమో నాకు తెల్వది. నా ఇంటి మీద దక్షిణం వాలు పెట్టనియ్య. మనిషిని మార్చమన్న, మార్చున్రి."

ఒక్క మాట. 'ఆమె దొంగ కాదు.' అంత చిన్న మాటను అనడానికి అక్కడున్న చదువుకున్న మగవాడికి, భూములున్న మగవాడికి నోరు రాలేదు. నాకు పాలు చేపుకొచ్చి రొమ్ములు సలుపుతున్నాయి, జాకెట్టు తడిసిపోయింది, కొంగు కప్పుకున్నాను. నేనే గట్టిగా చెప్పాను, "ఆమె దొంగ కాదు" అని. నా మాటకు అక్కడ విలువ లేదు. నేను ఉద్యోగిని. అప్పుడు నాకేమైందో, వెళ్లి లాంతర్లక్క చెయ్యి పట్టుకున్నాను.

"దా అక్కా. పైకి పోదాం. నీ ప్లేట్లు నువ్వే చూడు. అన్న, పానా తీసుకో, తిప్పేద్దాం."

గడప దాకా లాక్కుపోయాను. పటేల్ లేచి నిలబడ్డాడు. లాంతర్లక్క అక్కడ ఆగిపోయింది. చెయ్యి విడిపించుకుని, నాకు మాత్రమే వినబడేలా అంది:

"వద్దు మేడం. మీరు ఎక్కి జనగామ పోతరు. నేను ఎక్కితె రేపటికెల్లి మా తండోళ్లను పత్తి ఏరనీకి పిలువరు."

నా చెయ్యి గాలిలో ఉండిపోయింది. కోపం నాది. దానికి తినాల్సిన దెబ్బలు వాళ్లవి.

ఆమె వెనక్కి వెళ్లి కొట్టం తాళం చెవిని తెచ్చింది. పటేల్ చెయ్యి చాపాడు. ఆమె ఆయన చేతిలో పెట్టలేదు, సారు చేతిలోనూ పెట్టలేదు. నా చేతిలో పెట్టింది. "మీ సంస్థది. మీరే తీసుకోన్రి."

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆమె అత్త తన లాంతరును ఎత్తుకుని వచ్చి సారు కుర్చీ ముందు, కాళ్ల దగ్గర పెట్టింది. తర్వాత ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. ఒక్కరూ గొడవ చేయలేదు. లాంతర్లు వరుసగా వచ్చి ఆయన చెప్పుల చుట్టూ చేరాయి.

"ఇదేంటమ్మా? లాంతర్లు మీవే, మనిషి మాత్రమే మారుతుంది" అన్నాడు సారు కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంటూ.

"మా కోడలు లేంది మాకు గీ లైట్లు వద్దు సారు" అంది ముసలామె తెలుగులో. "బుడ్డీలున్నయ్. అయి ఎవల్ని దొంగలనయ్."

మళ్లీ గ్యాసునూనె కొనాలని, మళ్లీ ఆ పొగలో పిల్లల కళ్లు మండుతాయని వాళ్లకు తెలియదా? తెలుసు. ఖర్చు ఎంత పెరుగుతుందో మా సంస్థలో ఎవరికన్నా వాళ్లకే బాగా తెలుసు. తెలిసే పెట్టేశారు. ఒకరి వెనక ఒకరు తండా దారి పట్టారు. లాంతర్లక్క చివర నడిచింది. అత్త ఆగి, ఆమె చంకలో బిడ్డను తీసుకుని తన భుజాన వేసుకుంది.

పటేల్ కుర్చీలో కూర్చుని, "సూసిన్రా సార్, మంచి జేస్తే గిట్లుంటది" అన్నాడు.

తిరుగు దారిలో మా అమ్మ ఫోన్ చేసింది, పాపకు జ్వరం తగ్గిందని. రోడ్డు పక్కన బైకు ఆపించి, మొదటిసారి ఏడ్చాను. మెకానిక్ అన్న అటు తిరిగి నిలబడ్డాడు. "రేపటికెల్లి నేను గూడ రాను చెల్లె" అన్నాడు. అన్నట్టే మానేశాడు. కొంతకాలం శిబిరానికి కూడా పోలేదు. ఇప్పుడు జనగామలో మోటార్లు రిపేరు చేస్తున్నాడు.

నన్ను సారు పిలిపించి, సంస్థ పేరు పాడు చేశానన్నాడు. "ఆవేశం తగ్గించుకో, చిన్న పిల్ల ఉంది కదా నీకు" అని సలహా ఇచ్చాడు. పిల్ల ఉంది కాబట్టే ఆవేశం వచ్చిందని ఆయనకు అర్థం కాదు. నా భాషలోనే గట్టిగా చెప్పి వచ్చేశాను. దేవరుప్పుల, ఘనపూర్ కేంద్రాలు ఇంకా నడుస్తున్నాయి. అక్కడ ప్లేట్లు బడి స్లాబుల మీద ఉన్నాయి, మెట్లు బయటి నుంచి ఉన్నాయి, ఆడవాళ్లే ఎక్కి ప్లేట్లు కడుగుతారు. తేడా అంతే. కాబట్టి మీరు ఈ పనిలో చేరితే ఎండను కొలవడానికి ముందు మెట్లను చూడండి. ఎవరు ఎక్కొచ్చో, ఎవరు ఎక్కకూడదో అడగండి. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

దంతాలపల్లి కేంద్రం మూసేశారు. తండావాళ్లు సహకరించలేదన్నారట. ప్లేట్లను మాత్రం ఎవరూ దించలేదు.

మొన్న లాంతర్లక్క ఫోన్ చేసింది. మా ఇద్దరి పిల్లల పళ్ల గురించి, దగ్గుల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నవ్వుతూ అంది, "మేడం, పటేల్ ఇంట్ల ఇప్పుడు కరెంటు పోయినా లైట్లుంటున్నయ్. ఫ్యాన్లు తిరుగుతున్నయ్. టీవీ వస్తది. మన ప్లేట్లకే బ్యాటరీలు పెట్టించుకున్నడు."

"ఉత్తరం వాలు మీదనే?"

"లేదు మేడం. దక్షిణం తిప్పించిండు. వాస్తు సారు మల్ల వచ్చి, రాగి రేకు పాతిపెడితె దోషం పోతదన్నడట."

"రాగి రేకుతోనా!" అన్నాను. ఫోన్లో ఆమె బిడ్డ ఏదో అరుస్తోంది. నా గొంతు విని ఆమే అంది:

"గట్ల బాధ పడకున్రి మేడం. పొద్దుగూకితె ఊరంత చీకటైతది, గా ఒక్క ఇల్లు తెల్లగ కనబడుతది. అందరు వాకిట్ల కూసొని సూస్తున్నరు. ఇప్పుడు ఊరోళ్లు గూడ నన్ను దొంగ అంటలేరు."